పంటి మందు తెచ్చిన నవ్వు

నొప్పెడితే చెయ్యెత్తమని డాక్టర్ సైమి అందరికీ చెబుతుంది. చెప్పి ఏం లాభం? చెయ్యెత్తడం ఫిన్లాండు మగవాడికి నామోషీ. ఆమె దగ్గర నర్సుగా చేస్తున్న నాకు ఈ మొండిఘటాలను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఆ గురువారం కుర్చీలో పడుకున్నది తైస్తో. పై పంటికి రూట్ కెనాల్. వేరులోని క్రిములు చావడానికి సైమి బ్లీచింగ్ లాంటి ఘాటు మందును సిరంజితో ఎక్కిస్తోంది. అది కాస్తా వేరు చివర దాటి బుగ్గలోకి పోయింది. ఆ మంట పగవాడికి కూడా వద్దు. తైస్తో మాత్రం చెయ్యెత్తలేదు, మూలగలేదు. కుర్చీ చెయ్యి ఊడి అతని చేతిలోకి వచ్చాక గానీ మాకు సంగతి తెలియలేదు.

"నొప్పిగా ఉందా?" సైమి కంగారుగా అడిగింది.

"ఏదో, కొంచెం," అన్నాడు ఆ మహానుభావుడు.

సెలైన్‌తో కడిగాం, ఐసు పెట్టాం, పెద్దాసుపత్రికి ఫోన్ చేశాం. ప్రాణభయం లేదన్నారు. కానీ బుగ్గ పులిసిన పిండిలా పొంగి, పెదవి మూలను చెవి వైపు లాగేసింది. పెళ్లి ఫొటోలో కూడా నవ్వని మనిషి చెవిదాకా నవ్వుతూ ఇంటికెళ్లాడు.

కాసేపటికే అతని భార్య తూలియా ఊడిపడింది.

"డాక్టరమ్మా, మా ఆయన నవ్వుతున్నాడు. ఎల్లుండి మా నాన్న అంత్యక్రియలు."

"తప్పు నాదేనమ్మా. వాపు తగ్గడానికి వారం పైనే పడుతుంది," అంది సైమి.

"ఆవిరిస్నానాల గది పొయ్యి దగ్గర గొడవపడి, మామా అల్లుళ్లకు ఏళ్ల తరబడి మాటల్లేవు. ఇప్పుడు శవపేటిక ముందు ఇలా ఇకిలిస్తే మా అమ్మ మమ్మల్ని మళ్లీ గడప తొక్కనిస్తుందా?"

"పోనీ, ఆయన్ని ఇంట్లోనే ఉంచితే?" అన్నాను.

"రాకపోతే అసలే తొక్కనివ్వదు."

తప్పు మాది కనుక, శనివారం చర్చిలో సైమీ నేనూ ఆఖరి వరుసలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాం. బంధువులు జంటలుగా వెళ్లి పేటిక మీద పూలుంచి, కార్డు పైకి చదివి, వెనక్కి తిరిగి పోయినాయన ఇంటివాళ్లకు తల వంచుతున్నారు. తూలియా కార్డు చదివింది. తైస్తో వెనక్కి తిరిగి, ముందు వరుసలో ఉన్న అత్తగారు హిల్కా ముఖంలోకి చూసి, చెవిదాకా నవ్వుతూ తల వంచాడు. సైమి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

హిల్కా లేచింది. అల్లుణ్ణి తేరిపార చూసింది.

"తాను పోయిన రోజున గానీ ఆ అల్లుడు నవ్వడని ముసలాయన రోజూ అనేవాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన మాట ఒక్కటి నిజమైంది."

ఆమె భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాం. తీరా చూస్తే నవ్వుతోంది.

"అత్తయ్యా, ఇది నవ్వు కాదు," అన్నాడు తైస్తో ముద్దముద్దగా.

"కళ్లు చూస్తే తెలియట్లేదా నాయనా," అంటూ ఆమె తన రుమాలు తీసి ముందు అతని కళ్లు తుడిచింది.