కూయని పడుగు

ఎమ్మిగనూరు నేతవీధిలో రోజూ తెల్లారగానే పడుగులు వీధి పొడుగునా సాచి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వేవాళ్ళు. నూలు బొంబాయి మిల్లుది. అందుకే ఏడింటికి, పన్నెండింటికి పడుగు ఆ మిల్లు సైరన్‌లాగే కూసేది. వీధిలో గడియారం లేదు. మొదటి కూతకు మగ్గంలో కూర్చునేవాళ్ళు, రెండో కూతకు సంగటికి లేచేవాళ్ళు. ఎండను చూసి పొద్దు చెప్పడం ఎప్పుడో మరిచిపోయారు.

నేస్తుంటే నూలు ఆ నగరం కథ చెప్పేది. ఒకప్పుడు చేపలు పట్టేవాళ్ళ దీవులంట. ఓడలొచ్చాయి, సముద్రాన్ని పూడ్చారు, మన నల్లరేగడి పత్తి రైలెక్కింది, పొగగొట్టాలు లేచాయి. మరాఠీ, గుజరాతీ, తెలుగూ ఒకే కొళాయి దగ్గర తిట్టుకుని, గణపతి పండక్కి ఒకే డోలు కొడతాయంట. నగరాన్ని కట్టిన చేతులకు అక్కడ నిద్ర కూడా వంతే! పగటి షిఫ్టువాడు లేచిన చాప మీదే రాత్రి షిఫ్టువాడు పడుకోవాలి. పత్తి మనది, చెమట మనది, పొగగొట్టం మాత్రం యజమానిది.

లక్ష్మన్న ఇదంతా విన్నాడు. అయినా బొంబాయి పోక తప్పేలా లేదు. సర్కారు డిపోలో ఇచ్చే నూలు నెలకు పదిరోజులకే చాలుతోంది. కొత్త రాజధాని కర్నూలులో గుడారాలేసి రాష్ట్రాన్ని నడిపేవాళ్ళకు ఈ వీధి కనబడలేదు. బామ్మర్ది శివన్న మిల్లులో చోటు చూశానని జాబు రాశాడు. బుధవారం మగ్గం ఊడదీసుకుపొమ్మని లక్ష్మన్న పక్కవీధివాళ్ళకు మాటిచ్చేశాడు.

బొంబాయి రైలు అందించే ఆదోని బస్సు సోమవారం ఏడుంబావుకు. లక్ష్మన్న మూటతో అరుగు మీద కూర్చున్నాడు.

"ఇంకా పోలేదేమప్పా?" పక్కింటి ఉరుకుందన్న అడిగాడు.

"కూయనీ అన్నా, లేస్తా."

పడుగు కూయలేదు. వీధంతా కుంచెలు పట్టుకుని ఎదురుచూసింది. నీడలు కాళ్ళకిందికి వచ్చాక లక్ష్మన్న భార్య మల్లక్క పకపకా నవ్వింది.

"ఏమయ్యో, నీ బస్సు ఆదోనిలో టీ తాగుతాంటాది!"

"ఏమే, గొంతు పోయిందా?" అని లక్ష్మన్న పడుగును తట్టాడు. పలకలేదు. ఆ మధ్యాహ్నం పిల్లలు ఏడ్చేదాకా ఎవరికీ ఆకలి గుర్తురాలేదు.

మంగళవారం ప్రయాణం వద్దంది మల్లక్క. బుధవారం పక్కవీధివాళ్ళు మగ్గం మొదటి మేకు పీకుతుండగా ట్రంకుపెట్టెతో శివన్నే దిగాడు.

"కూలి కోసినారని సమ్మె కట్టినాం బావా. సోమవారం పొద్దున సైరనే కూయనియ్యలే. నువ్వొచ్చింటే మేస్త్రీ నిన్ను దొడ్డిదోవన లోపలికి తోలేవాడు. గేటు ముందర మేం, లోపల నువ్వు! అందుకే నిన్నాపుదామని వచ్చినా."

లక్ష్మన్న మగ్గం వైపు తిరిగాడు.

"ఆ మేకు మళ్ళీ కొట్టండప్పా," అన్నాడు.

శివన్న ఊరుకునే రకం కాదు. వారం తిరక్కుండా వీధినంతా నూలు డిపో ముందు కూర్చోబెట్టాడు. మూడోరోజుకు నూలు మూటలు కదిలాయి.

సమ్మె పదిహేనోనాడు, ఆ పాత పడుగు చివరి మూర మగ్గం మీదుండగా, నడిపొద్దున అది గట్టిగా కూసింది.

"మావాళ్ళు గెలిచినారు!" శివన్న పిడికిలెత్తాడు. వీధంతా జిందాబాద్ కొట్టింది.

"అరిచింది చాలు, సంగటి ఆరిపోతాంది," అంది మల్లక్క.

సాయంత్రం శివన్న పెట్టె సర్దుకుంటుంటే లక్ష్మన్న మగ్గం గుంతలోంచి లేవకుండానే కేకేశాడు.

"పోయి మీవాళ్ళతో చెప్పు శివన్నా. ఈడ ఒక వీధి వీధంతా మీ కూతకే కంచం ముందర కూర్చుంటాదని."