గడియారాలావిడ చెవులు

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇస్త్రీ షాపు మేడ మీది గదిలో నలుగురు స్నేహితులు చేరి ఒకరి బొమ్మ ఒకరు గీసుకునేవాళ్ళు. ఇస్త్రీ షాపాయన, లెక్కల టీచరు, దర్జీ ఆవిడ, గడియారాలు బాగుచేసే ఆవిడ. గీసినవాళ్ళు బొమ్మను పట్టుకెళ్ళి తమ ఇంట్లోనో షాపులోనో గోడకి తగిలించుకోవాలి. ఊరికే కూర్చున్నందుకు ఎదుటి మనిషికి చేత్తో చేసిన వస్తువేదో ఇవ్వాలి. గుడ్డపేలికల సంచీయో, అట్టపెట్టో, తీగ వంచి చేసిన పిట్టో. అదీ వాళ్ళ పద్ధతి.

చెవులు గీస్తే బొమ్మ వింటుంది కాబట్టి, అక్కడ మాత్రం అందరూ కాస్త జాగ్రత్తగా ఉండేవాళ్ళు. బొమ్మ ముందు అన్న మాట ఆ బొమ్మలోని మనిషికి, ఎక్కడున్నా సరే, తల లోపల వినపడుతుంది. అందుకే లెక్కల టీచరు అందరికీ చెవుల మీదుగా జుట్టు దించేసేవాడు. ఇస్త్రీ షాపాయనైతే, ఎవరి గురించైనా చెప్పుకునేముందు వాళ్ళ బొమ్మ మీద ఒక తువ్వాలు కప్పేవాడు. కొత్త తువ్వాళ్ళన్నీ దానికే సరిపోతున్నాయని ఆయన భార్య సణిగేది.

దర్జీ ఆవిడకి అలాంటి అడ్డదారులు నచ్చవు. ఉన్నది ఉన్నట్టు దింపాలి. గడియారాలావిడను గీసేటప్పుడు టేపు పెట్టి మరీ చెవులు కొలిచింది. ప్రతి మడతా, తమ్మె మీది చిన్న నొక్కూ వదల్లేదు. అంత మంచి చెవులు ఆ గదిలో ఎవరూ గీయలేదు. ఆ సంగతి ఆవిడ ఎవరినీ మర్చిపోనివ్వలేదు కూడా.

తర్వాత గడియారాలావిడ వంతు వచ్చింది. దర్జీ ఆవిడ బొమ్మలో మెడ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. అందరూ నవ్వారు, దర్జీ ఆవిడ కూడా నవ్వింది. తన షాపుకి వెళ్ళాక మాత్రం అగ్గి మీద గుగ్గిలమైంది. చెల్లెలు పక్కనే ఉందన్న ఊపులో గోడ మీద ఆవిడ బొమ్మ ఉందన్న సంగతి మర్చిపోయి నోరు జారింది.

"ఒక గీత తిన్నగా గీయలేని మనిషితో కాపురం ఎవడు చేస్తాడు? మొగుడు పారిపోయాడంటే పారిపోడూ మరి."

వీధికి అవతల, సరిగ్గా ఎదురు షాపులో, గడియారాలావిడ చేతిలోంచి పట్టకారు జారిపడింది. భర్త వెళ్ళిపోయిన రోజున ఆవిడ తల పెట్టుకుని ఏడ్చింది ఈ దర్జీ ఆవిడ ఒళ్ళోనే. ఆ మాట మరెవరన్నా అని ఉంటే దులిపేసుకునేది. లేచి తన గోడ దగ్గరికెళ్ళి, మెడ లేకపోయినా చెవులున్న ఆ బొమ్మ ముందు నిలబడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరారా తిట్టింది.

అక్కణ్ణించి ఇద్దరికీ అదే పని. పొద్దున్నే దర్జీ ఆవిడ మిషనుకి నూనె వేస్తూ మొదలుపెట్టేది. ముక్కు గురించి, నడక గురించి, పుట్టుక గురించి. అవతలావిడ గడియారాలకి కీ ఇస్తూ బదులు చెప్పేది. వీధిలో నడిచేవాళ్ళకి ఇద్దరాడవాళ్ళు ఎవరి షాపులో వాళ్ళు గోడలతో మాట్లాడుకుంటూ కనిపించేవాళ్ళు. ఇస్త్రీ షాపాయన మధ్యలో దూరి రెండు బొమ్మలూ చింపి పారెయ్యమన్నాడు. ఇద్దరూ ఒప్పుకోలేదు. చింపేస్తే ఇక తిట్టేదెలా?

కొన్నాళ్ళకి ఎదురు షాపులో గిరాకీలు గట్టిగా అరవడం మొదలైంది. బాగైందని పట్టుకెళ్ళిన గడియారాలు తిరిగొచ్చేవి. గంటలు కొట్టని గోడగడియారాన్ని బ్రహ్మాండంగా ఉందని చేతిలో పెట్టిందట. షాపు ఆవిడ తమ్ముడి పేరు మీద ఉంది. అతను వచ్చి చెయ్యి ఊపుతూ ఏదో చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రం ఇస్త్రీ షాపాయన దర్జీ ఆవిడ దగ్గరికొచ్చి కూర్చున్నాడు. అలవాటు కొద్దీ భుజం మీది తువ్వాలు తీసి గడియారాలావిడ బొమ్మకి కప్పబోయాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని ఆపింది, విననివ్వమంది.

అతను చెప్పాడు. గడియారాలావిడకి చెవులు వినపడకుండా పోయాయి. ఆవిడ పనంతా చెవిలోనే ఉంది. గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, ఆ చప్పుడు ఎక్కడ కుంటుతోందో పట్టుకునేది. ఇంకొక్క గడియారం తిరిగొచ్చినా షాపు ఫోన్లు బాగుచేసేవాడికి ఇచ్చేస్తానన్నాడు తమ్ముడు. ఆ పని తప్ప ఆవిడకి మరో దిక్కు లేదు.

"మంచిదే అయింది," అంది దర్జీ ఆవిడ. "మరి నా తిట్లు?"

"అవి తల్లోంచి వస్తాయి కదక్కా. ఆవిడకి ఇప్పుడు వినపడేవి అవొక్కటేనట."

అతను వెళ్ళాక దర్జీ ఆవిడ డ్రాయరులోంచి రబ్బరు తీసింది. ఇంతకాలం ఎదురుచూసిన గెలుపు వేళ్ళ మధ్యకొచ్చింది. బొమ్మ ముందు నిలబడి, "చెరిపేస్తున్నా," అంది.

వీధికి అవతల గడియారాలావిడ తలెత్తింది. గొడవ మొదలయ్యాక ఇటు చూడడం అదే మొదలు. లేచి తన గోడ దగ్గరికి వెళ్ళింది.

"చెరుపుకో. నీ పాడు గొంతు కూడా పోతే నాకిక ఏ చప్పుడూ ఉండదు. అయినా సరే, నిన్ను మాత్రం బతిమాలను."

దర్జీ ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. బతిమాలి ఉంటే చెరిపేసేదే. రబ్బరు మిషను మీదికి విసిరేసి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటింది. గల్లాబల్ల మీద, నడుస్తోందో లేదో తేల్చుకోలేక గడియారాలావిడ పక్కన పెట్టుకున్న చేతిగడియారం ఉంది. అడగకుండా దాన్ని లాక్కుని వెనక్కొచ్చింది. తెచ్చి బొమ్మ కుడి చెవికి ఆనించింది.

"విను, దిక్కుమాలినదానా. నడుస్తోందా, చచ్చిందా?"

ఎదురు షాపులో గడియారాలావిడ కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత కంటికి భూతద్దం బిగించుకుని, గడియారం కోసం వీధి వైపు చెయ్యి చాపింది. చప్పుడు కుంటుతోంది, ఎక్కడో తెలిసిపోయింది. కృతజ్ఞతలు చెప్పలేదు. దర్జీ ఆవిడ ఆశించనూ లేదు, మళ్ళీ వీధి దాటి గడియారాన్ని ఆవిడ బల్ల మీద పడేసి వచ్చేసింది.

ఆ తర్వాత బాగైన ప్రతి గడియారమూ వీధి దాటేది. బొమ్మ చెవి పక్కన దర్జీ ఆవిడ ఒక మేకు కొట్టింది. గడియారం తగిలించేముందు ఒక తిట్టు, తీసేముందు ఒక తిట్టు. మధ్యలో మాత్రం చప్పుడు సరిగ్గా అందాలని మిషను ఆపి కూర్చునేది. అవతలినుంచి బదులు తిట్లూ తగ్గలేదు. గడియారాలు తిరిగి రావడం ఆగిపోయింది, తమ్ముడు మళ్ళీ నోరెత్తలేదు.

ఇద్దరూ ఇప్పటికీ మాట్లాడుకోరు. మేడ మీది గదిలో ఆదివారాలు చెరో గోడకి ఆనుకుని కూర్చుంటారు. ఆ పారిపోయిన మొగుడి మాటను ఒకావిడ వెనక్కి తీసుకోలేదు, రెండో ఆవిడ క్షమించలేదు.

కానీ పెన్సిలు గీతలు కదా, గడియారాలు రాసుకుని రాసుకుని చెవులు వెలిసిపోతుంటాయి. అప్పుడు దర్జీ ఆవిడ షాపు తలుపు దగ్గరగా వేసి, పెన్సిలు సన్నగా చెక్కి, ఒక్కో మడతా, తమ్మె మీది నొక్కుతో సహా, మళ్ళీ దిద్దుతుంది. ఎదురు షాపులో గడియారాలావిడ చేతిలో పని పక్కన పెట్టి, ఆ పెన్సిలు గరగర అయిపోయేదాకా కదలకుండా వింటూ కూర్చుంటుంది. అంతసేపూ ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకోరు.