వంటింటి గూళ్ళ పటం

"సగం కోట మనదైపోయింది! మీవాడు క్షేమం! వాడి పటం వల్లే గెలిచారట, ఊరంతా ఇదే మాట!" వాకిట్లోంచే కేకేసింది తపాలావిడ. పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది కొత్తకోడలు. బతికే ఉన్నాడు! గిర్రున ఒక చుట్టు తిరిగింది కూడా.

"చిన్నప్పట్నుంచీ వాడి బుర్ర పాదరసం," అంది అత్తగారు కళ్ళొత్తుకుంటూ.

పాదరసమే, పాపం! ఆ కోట ఊరే కోడలి పుట్టిల్లు. శత్రువు వచ్చి కూర్చున్నాక జనమంతా ఖాళీ చేసిన ఊరు. సైన్యం దగ్గరున్న పటంలో అన్నీ వీధి గుమ్మాలే. గీసిన మగవాళ్ళు వంటిళ్ళలోకి తొంగి చూస్తే కదా! పక్కపక్క వంటిళ్ళ మధ్య ఉప్పూ నిప్పూ అందించుకునే గూడు ఉంటుందనీ, అక్కడ గోడ ఒక్క ఇటుక మందమేననీ వాళ్ళకేం తెలుసు? వీధిలోకి అడుగుపెడితే తూటాలు. గూళ్ళు పగలగొట్టుకుంటూ పోతే ఇంట్లోంచి ఇంట్లోకే దారి. సిపాయి మొగుడి సెలవు చివరి రోజున నేలమీద బోర్లా పడుకుని, ఆ గూళ్ళతో సగం ఊరి పటం ఆమే గీసింది. ముక్కుకంటిన సిరాను అతను బొటనవేలితో తుడిచాడు. తలుచుకుంటే ఇప్పటికీ అక్కడ చక్కిలిగింతే.

తపాలావిడ తెచ్చిన అతని ఉత్తరం మీద ఆమె పేరే ఉన్నా విప్పింది మామగారు. పైకి చదువుతూ చదువుతూ గొంతు తగ్గించారు. "'పటం నాదే అనుకుంటున్నారు. కాదనడానికి నోరు రాలేదు. సిగ్గుగా ఉంది. మిగతా సగం కూడా గీయమంటున్నారు. ఏ గోడ వెనక ఏముందని అడిగితే నేనేం చెప్పను?'"



"గీసి పంపెయ్యమ్మా. పేరుదేముంది? మొగుడిదైతేనేం, పెళ్ళానిదైతేనేం?" అంది అత్తగారు.

పిచ్చి మొద్దు, నిజం రాసేశాడు! అతని మీద ముద్దూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"పేరుదేముందో తర్వాత చూద్దాం అత్తయ్యా. తప్పు గోడ పగిలితే ముందు పోయేది మీ అబ్బాయే. వాళ్ళడిగితే జవాబు చెప్పడానికి నేనక్కడ ఉండాలి."

అత్తగారు ఆమె ముఖంలోకి చూసింది. కొంగుతో ఆమె ముక్కుమీది పిండి తుడిచింది.

"రేపు పొద్దున్నే సైన్యం ఆఫీసుకి వెళ్తున్నాను. మిగతా సగం వాళ్ళ బల్లమీదే గీస్తాను. రెండు సగాల కిందా నా పేరు రాస్తాను. మామయ్యా, రేపు వంట మీది."