ఒక్క క్లిక్కే కదా వదినా

"ఒక్క క్లిక్కే కదా వదినా," అన్నాడు మా మరిది, వంటింటి గుమ్మంలో నిలబడి.

నేను బోర్సోక్‌లకి పిండి ఒత్తి ముక్కలు కోస్తున్నాను. పొయ్యి మీద నూనె కాగుతోంది. చేతులు కడుక్కుని వస్తానంటే, చేతులెందుకు, ఒక్క వేలు చాలు కదా అని నవ్వాడు. చాయ్ తాగుతున్న మా ఆయన కూడా నవ్వాడు. ముందు నూనె సంగతి చూసుకోనివ్వండి అన్నాను.

మా కొచ్కోర్ ఊరి బడిలో ఇంగ్లీషు చెప్పేది నేనే. క్లిక్ అనే మాట ఐదో తరగతిలో వస్తుంది. మౌస్ మీద నొక్కితే వచ్చే చిన్న చప్పుడు అది, ఆ చప్పుడే పనికి పేరైపోయిందని చెప్పి, పిల్లల చేత తలా రెండు వాక్యాలు రాయిస్తాను. మా ఇంట్లో ఆ మాట వాడే పద్ధతి మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ముందు 'ఒక్క', వెనక 'కదా' తగిలించకుండా ఎవరూ దాన్ని పలకరు. అత్తయ్య పింఛను దరఖాస్తు, మరిది ఉద్యోగాల కోసం పంపే కాగితాలు, మా ఆయన అమ్మకానికి పెట్టే గుర్రాల ఫోటోలు, పక్కింటి వాళ్ళ కరెంటు బిల్లు, అన్నీ ఒక్క క్లిక్కే కదా. దాని ముందు గంటసేపు కళ్ళు పొడుచుకుని చదివేది ఎవరూ చూడరు. నొక్కినప్పుడే చూస్తారు. చూసి, ఇంతేనా అంటారు.

ఏడేళ్ళ కిందట దారి తప్పి వచ్చిన ఇద్దరు జర్మన్లకి చాయ్ పోసి, పక్కలు వేసి పడుకోబెట్టాను. వెళ్ళేటప్పుడు వాళ్ళే చెప్పారు, యాత్రికులకి గదులిస్తామని నెట్‌లో ఒక పేజీ పెట్టుకోమని. పెట్టాను. పాత కొట్టాన్ని నేనూ మా ఆయనా అలికి రెండు గదులు చేశాం. ఎక్కడో సముద్రాల అవతల ఎవరో ఒకసారి క్లిక్ అనిపిస్తే, ఇక్కడ నేను నాలుగు రోజులు ఆగకుండా తిరుగుతాను. దుప్పట్లు ఉతకాలి, పొయ్యి రాజెయ్యాలి, మీగడ తీయాలి, జామ్ కాయాలి, దొడ్డి కడగాలి, సొంకోల్ సరస్సుకి గుర్రాలు మాట్లాడాలి, వాళ్ళు వెళ్ళాక వచ్చే ఉత్తరాలకి జవాబులు రాయాలి. అలసట లేదని కాదు. కానీ ఆ ఉత్తరాల్లో నన్ను అనార్కుల్ అని పిలుస్తారు. ఈ ఇంట్లో పందొమ్మిదేళ్ళుగా నేను కెలిన్‌ని, అంటే కోడలిని. అంతకు మించి పేరు అవసరం రాలేదు.

మరిదికి రాజధాని బిష్కెక్‌లో ఉద్యోగం పోయి, భార్యతో తిరిగొచ్చి రెండు నెలలైంది. పోయిన ఆదివారం అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు పేజీని వాడి పేరు మీదికి మార్చాలని తీర్మానించారు. నేను అక్కడే ఉన్నాను, గిన్నెల్లో చాయ్ పోస్తూ. రాత్రి అడిగితే మా ఆయన శాంతంగానే చెప్పాడు. "వాడికీ ఒక ఆధారం ఉండాలి కదా. నీకు స్కూలుందాయె. వంటా పక్కలూ ఎలాగూ నువ్వే చూసుకుంటావు." ఆ 'ఎలాగూ' దగ్గర నాకు ఒళ్ళు మండింది. మండినా లేచి మర్నాటికి పిండి కలిపాను. అలవాటు అలాంటిది.

బోర్సోక్‌లు దించి, చేతులు కడుక్కుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. నా వెనక మా ఆయన, మరిది. కిటికీ పక్కన అత్తయ్య ఉన్ని వడుకుతోంది. కొత్త యజమాని పూర్తి పేరు రాయమని వచ్చింది. నా చేతులు ఆగిపోయాయి. మాలో అత్తింటి మగవాళ్ళ పేర్లు కోడలు పలకకూడదు, రాయకూడదు. మరిదిని నేను చిన్నదొర అంటాను, కాపురానికొచ్చిన రోజు నేనే పెట్టిన పేరు. మామయ్యగారి పేరైతే మరీ కష్టం. మా భాషలో బుధవారాన్ని షర్షెంబి అంటాం, అందులో ఆయన పేరుంది. అందుకే ఇంట్లో నేను 'మంగళవారం మర్నాడు' అంటాను.

"జరుగు వదినా, నేను కొట్టుకుంటాలే," అని మరిదే వంగి, తన పేరూ, తండ్రి పేరూ, చివర కొడుకు అని చెప్పే 'ఊలు' అనే మాటా కొట్టాడు. "ఇంక నొక్కు."

తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న వచ్చింది. కింద రెండు గడులు.

"ఏమంటోంది అది?" అని అడిగింది అత్తయ్య, కదురు ఆపి.

ఆ గదిలో అది చదవగలిగేది నేనొక్కదాన్నే. చిన్నదొర అని దాటెయ్యొచ్చు. తరగతిలో ఎలా చదువుతానో అలా, ఉన్నదున్నట్టు చదివాను.

"'ఈ పేజీని మెదెర్ షర్షెన్ ఊలుకి ఇచ్చెయ్యడం మీకు ఇష్టమేనా?' అని అడుగుతోంది అత్తయ్యా."

మా ఆయన చేతిలో చాయ్ గిన్నె బల్ల మీద పెట్టేశాడు. మరిది నా మొహం వంక చూశాడు, వేరే ఎవరో మాట్లాడినట్టు. అత్తయ్య తిడుతుందనే అనుకున్నాను. ఆవిడ తిట్టలేదు.

"ఇష్టమేనా అని అడుగుతుందా అది?"

"అడుగుతుంది."

ఆవిడ కదురు పక్కన పెట్టింది. "ఊరి ఉమ్మడి కమ్యూన్ ఎత్తేసి గొర్రెలు పంచినప్పుడు నా వాటా మా బావగారికి పోయిందే. ఒక్క సంతకమే కదా అన్నారు. ఆ కాగితంలో ఈ ముక్క లేదు." మళ్ళీ అడిగింది, "కాదనడానికి కూడా ఉందా దాంట్లో?"

"ఉంది. పక్కనే."

"అమ్మా, నువ్వు ఊరుకో," అన్నాడు మా ఆయన. తర్వాత నాతో, "ఇందులో అడగడానికేముంది, నొక్కు," అన్నాడు.

నాకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. ఈ ఇంట్లో పెళ్ళి నుంచి కొట్టం దాకా ఎన్ని నిర్ణయాలు జరిగాయో. అందులో ఒక్కదానికి ముందైనా నీకిష్టమేనా అని ఒక మనిషి నన్ను అడిగి ఉంటే, ఇవాళ ఒక యంత్రం అడిగిందని ఆ వాక్యాన్ని ఇలా మళ్ళీ మళ్ళీ చదివేదాన్ని కాదు. ఇన్నేళ్ళూ కాదనడం చాలా పెద్ద పనని, దానికి గొడవపడాలని, ఏడవాలని, పుట్టింటికి వెళ్ళిపోవాలని, అంత ఓపిక నాకు లేదని అనుకుంటూ వచ్చాను.

'కాదు' మీదికి బాణం జరిపి నొక్కాను.

ఒక్క క్లిక్కే.