చెయ్యి అందని మూల

నేను ఒక ఓవెన్‌ని. అలాగని షోరూములో అద్దం తలుపు వెనక దీపం పెట్టుకుని, పెళ్ళిచూపులకు ముస్తాబైనట్టు కూర్చునే రకం అనుకునేరు. మా నాన్న ఐజాకు, ఒంగోలులో లారీలకు బాడీలు కట్టే మనిషి. మా అమ్మ తుప్పు పట్టిన ఒక బీరువా. లారీల మధ్య పుట్టిన పాపానికి, నా వీపు మీద ‘హారన్ కొట్టండి’ అని ఎర్ర రంగుతో రాసి మరీ ఇంటికి తెచ్చాడు ఐజాకు. అది చూసి అతని కొత్త పెళ్ళాం దీవెనమ్మ నవ్వలేక గుమ్మంలోనే చతికిలబడింది. ఆ నవ్వు కోసమే నన్ను చేశాడని నా నమ్మకం. కేకులూ గీకులూ తర్వాతి సంగతి.

ఐజాకు చదువు పలకతోనే ఆగిపోయింది. కొలతలన్నీ కంటితోనే తీస్తాడు. రెండు రేకుల మధ్య గాజు ఊలు కూరి, కిందా మీదా కరెంటు చువ్వలు బిగించి, వేడి బయటికి పోకుండా బాగానే కట్టాడు. ఒక్కటే పొరపాటు. లారీలకు అలవాటుపడ్డ చెయ్యి కదా, చిన్నదిగా చేయడం రాదు. టిన్నులు ఎన్ని పడతాయా అని చూసుకుంటూ లోతుగా, ఇంకా లోతుగా చేసుకుంటూ పోయాడు. లోపల ఆ చివరి మూలకు మనిషి చెయ్యి అందుతుందా లేదా అని మాత్రం చూడలేదు. లారీని కడిగేవాడు లారీ ఎక్కి కడుగుతాడు. ఓవెన్‌ని కడిగే మనిషి ఎక్కడికి ఎక్కుతుంది?

ఆ ఇంట్లో పిల్లలు పుట్టలేదు. డిసెంబరు వచ్చిందంటే మాత్రం ఇల్లు పట్టనంత జనం. వీధిలో ఆడవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు క్రిస్మస్ కేకు పిండి కలుపుకుని, టిన్నుల్లో పోసుకుని, పైన గుడ్డ కప్పి మా వంటింటికి తెచ్చేవాళ్ళు. బజారు బేకరీవాడికి ఇస్తే కేకులు తారుమారు చేస్తాడని వాళ్ళ అనుమానం. ఎవరి టిన్నో తెలియడానికి ఒకావిడ ఎర్ర దారం కట్టేది, ఒకావిడ పిండి మీద జీడిపప్పుతో శిలువ పేర్చేది. పక్క సందులో ఉండే రూతమ్మ ఏ గుర్తూ పెట్టేది కాదు.

“అన్నిట్లోకీ బాగా పొంగిందే నాదక్కా. వెతకబాక,” అనేది.

పొంగడం అంటే టిన్ను దాటి నా ఒళ్ళంతా పొంగడమే. అవి కాలేదాకా అందరూ చాపల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు. అత్తల్ని తిట్టేవాళ్ళు, మొగుళ్ళను వెక్కిరించేవాళ్ళు, ఒక్కోసారి ఎవరో ఒకరు ఏడిస్తే మిగతావాళ్ళు ముక్కు చీదేవాళ్ళు. మధ్యలో పీట మీద దీవెనమ్మ. ఏడాదంతా ఆమె ఆ సాయంత్రాల కోసమే బతికేదేమో అనిపించేది నాకు.

ఈ మనుషులు చిత్రమైనవాళ్ళు. తాగిన టీ గ్లాసు కడక్కుండా ఒక్కరూ లేవరు. వద్దన్నా లాక్కుని కడుగుతారు. నేను మాత్రం వాళ్ళ కళ్ళకు గిన్నెలాగా కాదు, ఇంటి గోడలాగా కనిపిస్తాను. గోడని చుట్టాలెందుకు కడుగుతారు? వేడి టిన్నులు పైటకొంగుల్తో పట్టుకుని, “వస్తామక్కా” అని వెళ్ళిపోయేవాళ్ళు. ఆ తర్వాత దీవెనమ్మ ఒక్కతే వంటసోడా తడిపి పూసి, అట్లకాడ పట్టుకుని, తలా భుజాలూ నాలో దూర్చి మాడిన పంచదార గోకేది. సరిగ్గా అప్పుడే ఐజాకు పిల్లిలా వచ్చి నా నెత్తిన స్పానరుతో ఒక్కటిచ్చేవాడు. ఆమె మసి మొహంతో బయటికొచ్చేది.

“నీ జిమ్మడ! గుండె ఆగిపోతే ఏం చేస్తావయ్యా?”

“నిన్ను బయటికి లాగి ఇంకో టిన్ను పెడతా.”

నేనూ నవ్వుకునేదాన్ని. ఆ నవ్వుల్లో పడి, గోకడానికి అతని చెయ్యి ఒక్కసారి కూడా నా లోపలికి రాలేదన్న సంగతి నాకే తట్టలేదు.

కొన్నాళ్ళకు దీవెనమ్మ కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు. ఎడమ చేత్తో ముందు భాగం తుడిచేది. ఆ మూల అలాగే ఉండిపోయింది. పాత పంచదార మీద కొత్త పంచదార మాడి, నన్ను వెలిగిస్తే చాలు పొగ. ఆ డిసెంబరులో రూతమ్మ తన కేకు వాసన చూసి మొహం చిట్లించింది.

“అక్కా, మాడు కంపు కొడతండాది. లోపల కాస్త తుడవరాదా?”

“అట్నే రూతూ,” అంది దీవెనమ్మ నవ్వుతూ.

అందరూ వెళ్ళాక నా తలుపు తెరిచి, ఎడమ చేత అట్లకాడ పట్టుకుని నిలబడింది. గోకలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నా నెత్తిన కొడదామని వచ్చిన ఐజాకు స్పానరును చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

మర్నాడు షోరూముకు వెళ్ళి వచ్చాడు.

“దీవెనా, కొత్త రకం ఓవెన్ వచ్చిందంట. మీట నొక్కితే తలుపు బిగించుకుని, లోపలి మురికంతా కాల్చి బూడిద చేసి, తన్ను తనే శుభ్రం చేసుకుంటదంట. తడిగుడ్డతో బూడిద ఎత్తడమే మన పని. నీ మొగుడి కన్నా నయం.”

“నా మొగుడి కన్నా నయం కాని వస్తువు ఆ షోరూములో ఏదన్నా ఉందా?” అంది ఆమె. ఆ తర్వాత నెమ్మదిగా అడిగింది. “టిన్నులెన్ని పడతాయి?”

“ఇంటికి సరిపోతాయంట.”

“ఏ ఇంటికి?”



కొనాలా వద్దా అని చాలా రోజులు నలిగారు. పొద్దున భుజం సలిపినప్పుడు కొందామనేది. సాయంత్రం చాపలు కంటబడితే వద్దనేది. నేను ఒక్క మాట పోకుండా వింటూ కూర్చున్నాను. నా చావు గురించి నా ముందే మాట్లాడుకుంటుంటే కోపం రాలేదు. ఆ భుజం నాకు తెలుసు కదా. చివరికి ఆమే తేల్చింది. “విడతలుగా కాల్చుకుందాం లేవయ్యా. ఎంత ఆలస్యమైతే అంతసేపు కూర్చుంటారు. నాకు మంచిదే.”

తెల్లగా, బుద్ధిమంతురాలిలా వచ్చి కూర్చుంది కొత్తది. నన్ను పెరట్లో చాకిరేవు బండ పక్కకు జరిపారు. అక్కడి నుంచి కిటికీలో వంటిల్లంతా కనబడుతుంది. దీవెనమ్మ ఒక కేకు కాల్చి, శుభ్రం చేసుకునే మీట నొక్కింది. తలుపు టక్కున బిగుసుకుంది.

“తలుపేసుకుని స్నానం చేస్తండాది. అటు చూడబాక,” అన్నాడు ఐజాకు.

చాలాసేపటికి తలుపు విడింది. లోపల గుప్పెడు బూడిద. ఎడమ చేత్తో ఒక్క తుడుపు తుడిచింది. “ఇంతేనా?” అంది. భుజానికి ఇంత సుఖం ఎన్నడూ లేదని ఆమె మొహమే చెప్పింది. దాని పని అది చక్కగా చేసింది. అబద్ధం ఎందుకాడాలి?

డిసెంబరు వచ్చింది. మొదటి సాయంత్రం అందరూ వచ్చారు. కొత్తది కాసిని టిన్నులే మింగింది. మిగతావి వరసలో ఎదురుచూశాయి. ఆలస్యానికి పిండి చప్పబడిపోయింది. కొందరు ఇంటి దగ్గర వంట ఉందని మధ్యలోనే లేచారు. మరుసటి సాయంత్రం సగం మందే వచ్చారు. ఆ తర్వాత బజారు బేకరీలో అన్నీ ఒకేసారి కాలుస్తున్నారని తెలిసి, ఎవరి టిన్నుకు వాళ్ళు కాపలా కూర్చోవచ్చులెమ్మని అక్కడికే మళ్ళారు. ఎవర్నీ తప్పు పట్టలేం. దీవెనమ్మ మాత్రం రోజూ చాపలు పరిచేది. చీకటి పడే వేళకు ఎడమ చేత్తో చుట్టి పెట్టేది. చుట్టేటప్పుడు కిటికీలోంచి నా వంక చూసేది.

ఆ చూపు ఐజాకుకు కనబడింది. నేను కళ్ళెదుట లేకపోతే మరిచిపోతుందనుకున్నాడు. పాత సామాన్ల మస్తానుకు కబురు పెట్టాడు. నేను బండిలో పట్టలేదు. కోయాల్సి వచ్చింది. గ్యాసు మంట నా పక్క రేకును సగం దాకా చీల్చిందో లేదో, బేకరీలో కాల్చిన కేకు ముక్కలు పళ్ళెంలో పెట్టుకుని రూతమ్మ పెరట్లోకి వచ్చింది.

“బావా! ఏందిది, కోసేస్తండారే!”

“మీరెవరూ రావడంల్యా గదా మరదలా. ఇంగ దీనికేం పని?”

“ఆ తెల్లదాంట్లో చోటేది రావడానికి? ఇదుంటే వచ్చేవాళ్ళం.”

“దీన్ని తోమే భుజం మీ అక్కకి లేదు.”

రూతమ్మ దీవెనమ్మ వైపు తిరిగింది. “అంత నొప్పైతే ఒక్క మాట చెప్పగూడదా అక్కా? ఇంతమందిమి ఉన్నాం. తలా ఒక చెయ్యి వేసేవాళ్ళం గదా!”

దీవెనమ్మ పళ్ళెం అందుకుంది. “అడిగితే చేస్తారని తెలుసు రూతూ,” అంది. “అడక్కుండా ఎవరన్నా ఒక్కసారి లోపలికి తొంగి చూస్తారేమోనని చూశా.”

ఐజాకు నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. రేకు చీలింది కాబట్టి ఇప్పుడు ఆ మూలకు చెయ్యి సులువుగా అందింది. గోటితో గీరాడు. నల్లటి పెచ్చు ఊడి అరచేతిలో పడింది.

“ఇంత పేరుకుందా?” అన్నాడు. వేళాకోళం లేకుండా అతను మాట్లాడగా వినడం నాకదే మొదటిసారి. “అతికిస్తా దీవెనా. వెల్డింగు పెట్టి మళ్ళా అతికిస్తా.”

“ఇప్పుడొస్తే మొహమాటానికి వస్తారయ్యా,” అంది ఆమె.

మస్తాను మంట తగ్గించి ముగ్గురి వంకా చూశాడు. “మిగతాది కొయ్యమంటారా పెద్దమ్మా?”

“కొయ్యి నాయనా.”

ఇప్పుడు నేను మస్తాను కొట్టులో, ఒక మంచం కోడుకూ ఒక సైకిలు చట్రానికీ మధ్య ముక్కలుగా పడి ఉన్నాను. రేపో మాపో కొలిమికి పోతాను. బాధ లేదు, నేను వేడిలోనే బతికినదాన్ని. అప్పుడప్పుడూ ఆ తెల్లదాని గురించి ఆలోచిస్తుంటాను. మంచిది. ఎవరికీ భారం కాదు. తన మసి తనే కాల్చుకుంటుంది. దాని లోపలికి ఎవరూ తల పెట్టరు, ఎవరి చెయ్యీ దానికి అక్కర్లేదు.

పాపం.