చివరి ఇంటి గ్లాసు

వాల్వు తిప్పే ఇనుప రాడ్డు పట్టుకుని నబీ సాబ్ గుంత అంచున కూర్చున్నాడు. పొద్దున తొమ్మిదికే ఒళ్లంతా చెమట. అరగంటలో పెద్దలు వచ్చి, ఏడాది కిందట పోయిన మున్సిపల్ చైర్మన్ జోగులమ్మ విగ్రహానికి ముసుగు తీస్తారు. వెంటనే ఆమె పేరు పెట్టిన కొత్త పైపులైనులో నీళ్లు వదలాలి. మూడు వందల ఇళ్లవాళ్లు బిందెలు కడిగి పెట్టుకున్నారు.

తెల్లవారగానే అతను కొంచెం వదిలి చూశాడు. గల్లీ చివర తిమ్మమ్మ ఇంటి నల్లాలో మోరీ వాసన కొట్టింది. ఎక్కడో పైపు పగిలి మురుగు కలుస్తోంది.

“సార్, జర రెండు దినాలు ఆపుండ్రి. పిల్లలు తాగే నీళ్లు,” అన్నాడు ఇంజినీరు చంద్రశేఖర్‌తో.

“షామియానా ఏసినంక ఆపుమంటవా? నాలుగు బిందెలు పోతే వాసన అదే పోతది. నీతోని కాదంటే చెప్పు, రేపటి సంది ఇంకొకన్ని పెడ్త.”

పంతొమ్మిదేళ్ల నౌకరీ ఇప్పటికీ కాంట్రాక్టే. పదమూడు వేల జీతం. ఊడబీకడానికి ఒక్క మాట చాలు. నబీ సాబ్‌కు భయం వేసింది.

ఆ భయం అతనికి పాత చుట్టమే. జోగులమ్మ బీడీలు చుట్టే గల్లీ నుంచి చైర్మన్ అయిన మనిషి. ఏ లైను వదిలినా చివరి ఇంటిదాకా నడిచి, మొదటి గ్లాసు తానే తాగేది. “మొదటింట్ల నీళ్లు ఎప్పుడూ మంచిగనే ఉంటయి,” అనేది. ఒకసారి అప్పటి ఇంజినీరుకు జడిసి, చివరి ఇల్లు చూడకుండానే “చూసిన అక్కా, మంచిగున్నయి” అన్నాడు నబీ సాబ్. ఆమె తాగింది. మూడు రోజులు దవాఖానలో పడి ఉంది. ఎవరడిగినా అతని పేరు బయటపెట్టలేదు. చూడబోయినప్పుడు మాత్రం, “భయమైతే భయమని చెప్పు నబీ. అబద్ధం చెప్పకు,” అంది. తిట్టినా బాగుండేదని అతనికి ఇప్పటికీ అనిపిస్తుంది.

విగ్రహంతో ఒక సుఖం ఉంది. అది నీళ్లు తాగదు.

“నబీ, నీళ్లు వదులు!” ముసుగు తీయగానే మైకులో కేక వినపడింది.

నబీ సాబ్ లేచి తిమ్మమ్మ ఇంటికి నడిచాడు. పొద్దున పట్టిన నీళ్లు చెంబులోనే ఉన్నాయి. గ్లాసులో పోసుకున్నాడు.

“ఏడికి తీస్కపోతున్నవ్ భాయ్?” అడిగింది తిమ్మమ్మ.

“చైర్మనమ్మ తాగే మొదటి గ్లాసు ఇంకా ఎవ్వరూ తాగలే.”

షామియానా కింద కుర్చీల మధ్య నుంచి నడిచాడు. రాడ్డు చంకలో ఉంది. చంద్రశేఖర్ ముందు ఆగి గ్లాసు చాపాడు.

“భయమైతుంది సార్. అయినా వాల్వు తిప్పను. ముందు మీరు తాగుండ్రి.”

వాసన ముందు వరుసదాకా వచ్చింది. బిందెలతో వచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. చంద్రశేఖర్ గ్లాసు అందుకోలేదు. నబీ సాబ్ చేయి దించలేదు.