మాయ దాటిన మందు

శామీర్‌పేట ల్యాబులో యమున పని, మందును కంటికి కనబడని కొవ్వు గోళీల్లో నింపడం. కాలేయంలో కణితి ఉన్నవాళ్లకు సూదితో ఎక్కిస్తే అవి తిన్నగా కణితికే చేరాలి, మిగతా ఒంటి జోలికి పోకూడదు. ఎటు పోతున్నాయో తెలియడానికి మెరిసే రంగు కలిపి ముందు ఎలుకలకు ఇచ్చారు. అప్పటిదాకా చూసిన అన్నిట్లోనూ కాలేయమే వెలిగింది. ఇక మనుషులకు ఇవ్వడమే తరువాయి.

ఆ పొద్దున చివరి ఎలుకను కెమెరా కింద పెట్టింది. కాలేయం వెలిగింది. దానికి దిగువన, దండకు గుచ్చిన పూసల్లా చిన్న చుక్కలూ వెలిగాయి. యంత్రం తప్పేమోనని మళ్లీ తీసింది. అవే చుక్కలు. ఎలుక కడుపుతో ఉంది. ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదు.

యమున పక్క గదిలోని ల్యాబు పెద్ద దగ్గరకు పరుగెత్తింది.

"మనోరమ మేడం, జల్దీ రాండ్రి. మందు పిల్లలకు పోయింది."

మనోరమ వచ్చి తెర చూసింది. "ఈ గోళీలు తల్లి గర్భంలోని మాయ దాటి బిడ్డకు చేరలేవు. దాటకుండానే చేశాం కదా."

"దాటినయి మేడం." యమున పొట్ట మీద చేయి వేసుకుంది. "నాకు మూడో నెల. ఇంట్ల ఇంక జెప్పలే."

మనోరమ చివాలున ఆమె చేయి పట్టుకుంది. "సూది గుచ్చుకుందా? ఎప్పుడైనా మీద ఒలికిందా?"

"లే. నాకు యాదికున్నంతల లే."

మనోరమ అక్కడినుంచే, మనుషులకు మందు ఇవ్వబోతున్న ఆసుపత్రికి ఫోన్ చేసింది. "పరీక్ష ఆపేయండి. ఒక్కరికి కూడా ఎక్కించొద్దు." అవతల ఎవరో అరుస్తున్నారు. ఆమె మళ్లీ అదే మాట చెప్పింది.

గౌడవెల్లి నుంచి యమున భర్త మహేందర్ బండి మీద వచ్చాడు. సంతోషకబురూ భయమూ ఒక్కసారే విని బిత్తరపోయాడు. "గిట్లనా జెప్పేది?" అన్నాడు.

కొంపల్లిలో స్కానింగ్ చేస్తే గుండెచప్పుడు వినబడింది. "ఆ మందు సంగతి నాకు తెలియదమ్మా. తగల్లేదంటున్నావు, భయపడకు," అంది డాక్టరు.

యమున మళ్లీ గోళీలు ముట్టలేదు. కెమెరా తీసిన బొమ్మలు పరిశీలించే పనికి మారింది. ఎండాకాలంలో ఆడపిల్ల పుట్టింది. చేతికిచ్చిన బిడ్డ గుడ్డ విప్పి వేళ్లూ, కళ్లూ, పొట్టా తడుముతూ కూర్చుంది.

"పిల్ల మంచిగనే ఉంది. ఏం దేవులాడుతున్నవమ్మా?" అంది నర్సు.

"ఏం లే," అంది యమున. చేయి మాత్రం ఆగలేదు.